తేట వేరు, శుద్ధి వేరు: ఇంటి వైను వడపోత

బురదనీటిని తేటపరచుటకు కుండ లోపలి గోడపై చిల్లగింజను అరగదీయుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చిన అలవాటు. గంధమువలె అరగిన ఆ గింజ, నీటిలో తేలాడు సన్నని మట్టి రేణువులను ఒకదానితో నొకటి అంటించి బరువెక్కించును. అవి అడుగునకు చేరును. పైన తేటనీరు నిలుచును. ఆ తేటను వంచి గుడ్డతో వడకట్టుట సులభము. బురదనీటినే నేరుగా గుడ్డలో పోసినచో గుడ్డ కప్పుకొనిపోవును, నీరు దిగదు. మొదట తేర్చవలెను, పిమ్మట వడకట్టవలెను. ఈ వరుసను మనస్సున నుంచుకొన్నచో మేము చెప్పబోవు వైను వడపోత తేలికగా బోధపడును.

ఫ్రాన్సు, ఇటలీ దేశములలోను, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములోను కొన్ని కుటుంబములు తమ వాడుకకు కావలసిన వైనును ద్రాక్షపండ్లతో ఇంటనే చేసికొనుట కలదు. అమెరికా కేంద్ర చట్టము ప్రకారము, వయోజనుడొక్కడే ఉన్న ఇంటివారు పన్ను చెల్లింపకుండ ఏటా 100 గాలనులను, ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంటివారు 200 గాలనులను, అనగా సుమారు 757 లీటర్లను చేసికొనవచ్చును, అమ్మరాదు. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఈ నియమమే వర్తించును. మన తెలుగు రాష్ట్రములలో లైసెన్సు లేనిదే మద్యము తయారుచేయుట నేరము. కావున ఒక సాధనము పనిచేయు తీరును తెలిసికొనుటకే ఈ వ్యాసమును చదువుడని మా మనవి. ఆ సాధనము నేర్పు పాఠము మన మంచినీళ్ల బిందెకును పనికివచ్చును.

ద్రాక్షరసములోని చక్కెరను ఈస్టు అను సూక్ష్మజీవి తిని, సారాయముగను బొగ్గుపులుసు వాయువుగను మార్చును. పని ముగిసిన పిమ్మట వైను మజ్జిగతేటవలె మసకగా నుండును. అందు ఈస్టు కణములు, పండు గుజ్జు, పెక్టిను అను జిగురు, మాంసకృత్తులు తేలుచుండును. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. ఈస్టు కణము సుమారు 5 మొదలు 10 మైక్రానులు. వైనును పులుపెక్కించు బాక్టీరియా ఒక మైక్రానునకు అటునిటుగా నుండును. మాంసకృత్తుల మసక అంతకన్నను సన్నము. ఈ తారతమ్యమును మరచినవారికే వడపోతలో చిక్కులు ఎక్కువ.

వైనును కొన్ని వారములు, వీలైన కొన్ని నెలలు కదలింపక ఉంచినచో మడ్డి చాలవరకు అడుగున కూర్చుండును. పైతేటను రబ్బరుగొట్టముతో వేరొక పాత్రలోనికి దించుకొందురు. ఇంకను మసక మిగిలినచో, తెల్ల వైనునకు బెంటొనైటు అను బంకమన్నును, ఎఱ్ఱ వైనునకు గ్రుడ్డులోని తెల్లసొనను కలుపుదురు. ఇవి మన చిల్లగింజ చేయు పనినే చేయును. వడపోత వంతు దీని తరువాతనే.

ఇంటిలో కూర్చుకొను సాధనమునకు కావలసినవి స్వల్పము. మన ఇండ్లలో నీటి శుద్ధి యంత్రమునకు ముందు గోడకు తగిలించు గిన్నెను పాఠకులు చూచియుందురు. అందు తెల్లని దారపు ఉండవంటి వడపోత గొట్టము నిలువుగా నుండును. ద్రవము దాని వెలుపలినుండి లోపలికి ఇంకి, నడుమనున్న రంధ్రము గుండ బయటపడును. వైనునకును ఇట్టి గిన్నెయే చాలును. పాత్రను ఎత్తైన బల్లపై నుంచి, గొట్టమును గిన్నె లోపలి దారికి కలిపి, వెలుపలి దారినుండి వేరొక గొట్టమును నేలపైనున్న పాత్ర అడుగువరకు దింపవలెను. వైను పైనుండి చిమ్మినచో గాలి సోకి రుచి చెడును. మొదట 5 మైక్రానుల గొట్టమును, పిమ్మట 1 మైక్రాను గొట్టమును వాడవలెను. బొగ్గు నింపిన గొట్టము పనికిరాదు. అది వైను రంగును, వాసనను పీల్చివేయును. వైను పుల్లనిది గనుక ఇత్తడి, రాగి, ఇనుప భాగములు తగులరాదు. గాజు, తుప్పుపట్టని ఉక్కు, ఆహారమునకు తగిన ప్లాస్టిక్కు మేలు. క్రొత్త గొట్టము గుండ మొదట సిట్రిక్ ఆమ్లము కలిపిన నీటిని, పిదప మంచినీటిని పోనిచ్చి, తొలుత దిగిన కొద్దిపాటి వైనును పారబోసినచో దాని వాసన వైనునకు అంటదు.

ఈ సాధనమునకు ఆధారమైన సూత్రము వైనునకు పేరొందిన బర్గండీ సీమలోనే పుట్టినది. ఆ సీమకు ముఖ్యనగరమైన దిజోనునకు మంచినీటి వసతి కల్పించిన హెన్రీ డార్సీ అను ఇంజనీరు, ఇసుక నింపిన నిలువు గొట్టము గుండ నీటిని పోనిచ్చి కొలతలు తీసి, వాని ఫలితమును 1856లో ప్రకటించెను. వడపోత వైశాల్యము పెరిగినచో ప్రవాహము పెరుగును. త్రోయు ఒత్తిడి పెరిగినను పెరుగును. ద్రవము దాటవలసిన పొర మందము పెరిగినచో తగ్గును. ఒకటిన్నర మీటరు ఎత్తునుండి దిగు వైనునకు సుమారు 0.15 వాతావరణముల ఒత్తిడి మాత్రమే లభించును. కావున పని నిదానముగా సాగును. ఆ నిదానము లోపము కాదు.

ఇక లోపముల సంగతి. ఆరంభమునందే ప్రవాహము సన్నగిల్లినచో గిన్నెలో గాలి చిక్కుకొన్నదేమో చూడవలెను. సగము గిన్నె గాలితో నిండినచో వడపోత గొట్టము సగమే తడియును, వైశాల్యము సగమైనట్లే. గిన్నె తలపై గాలి విడుచు మీట ఉన్నచో నొక్కవలెను. లేనిచో గిన్నెను తలక్రిందుగా పట్టి గాలిని పోనీయవలెను. బాగుగా మొదలై కొద్దిసేపటికే ఆగినచో తప్పు గొట్టముది కాదు, వైనుది. అది సరిగా తేరలేదు, లేదా అందు పెక్టిను జిగురు కలదు. ఒక గాజుగొట్టములో కొంచెము వైనునకు మూడు నాలుగింతలు సారాయస్పిరిటు కలిపి చూచినచో, పెక్టిను ఉన్నప్పుడు పోగులు, గడ్డలు కట్టును. ఆ నమూనాను పారబోయవలెను. పెక్టినును విరుచు ఎంజైము కలిపి కొన్నాళ్లు ఆగుటయే దానికి మందు. మెత్తని జిగురును ఒత్తిడి పెంచి త్రోసినకొలది అది మరింత అణగి రంధ్రములను పూర్తిగా మూయును.

ప్రవాహము చక్కగా ఉండియు వైను మసకగానే దిగినచో రెండు కారణములు ఉండవచ్చును. గిన్నెలోని రబ్బరు చుట్టు సరిగా కూర్చొననిచో వైను వడపోతను తప్పించుకొని ప్రక్కదారిని పోవుచుండును. చుట్టు సరిగానే ఉన్నచో ఆ మసక రంధ్రములకన్న సన్నని మాంసకృత్తులది; దానికి బెంటొనైటే శరణ్యము.

గొట్టములో బుడగలు కనబడినచో అవి ఎచ్చట పుట్టుచున్నవో గమనింపవలెను. ఒకే అతుకు వద్దనుండి వరుసగా వచ్చుచున్నచో అచ్చట గాలి దూరుచున్నది. పై పాత్ర అంచును దాటు వంపులో ఒత్తిడి బయటి గాలికన్న తక్కువ. అందుచే అచ్చటి అతుకు వదులైనను చుక్క కారదు, గాలి లోపలికి పోవును. బుడగలు గొట్టమంతటను నురుగువలె లేచినచో అది వైనులో కరగియున్న బొగ్గుపులుసు వాయువు. ఇంకను కొంతకాలము నిలువ యుంచవలెను.

కొందరు ఎత్తుతో తృప్తిపడక క్రింది సీసాలోని గాలిని పంపుతో లాగి వైనును పీల్పింతురు. ఇచ్చట మేము గట్టిగా హెచ్చరింపవలసియున్నది. గాలి పూర్తిగా తీసిన సీసాపై ప్రతి చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము భారము పడును. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత గల సీసా అడుగుపైననే అది 700 కిలోగ్రాములు. గీటుపడిన గాజు, బల్లపరుపు ప్రక్కలు గల సీసా ఒక్కసారిగా లోపలికి పగిలి పెంకులు చిమ్మగలదు. గుండ్రని దళసరి గాజు, దానిపై మందపు గుడ్డచుట్టు, కండ్లకు అద్దములు లేనిదే ఆ పనికి పూనుకొనరాదు.

అన్నిటికన్న పెద్ద అపాయము పని ముగిసినదనుకొన్న తరువాత వచ్చును. వైను అద్దమువలె మెరయుచుండును; చక్కెర కొంత మిగిలియుండును; సీసాలకు బిరడాలు బిగింతురు. ఒక మైక్రాను అని గుర్తు వేసిన సాధారణపు గొట్టము ఆ పరిమాణమునకు మించిన రేణువులలో ఎక్కువభాగమునే ఆపును, అన్నిటిని ఆపదు. తప్పించుకొన్న కొద్ది కణములు, తరువాతి గొట్టములోను సీసాలోను కాచుకొన్న కణములు మెల్లగా వృద్ధిపొందును. లీటరులో 4 గ్రాముల చక్కెర పులిసినచో సుమారు ఒక లీటరు వాయువు పుట్టును. షాంపేను చేయువారు లీటరునకు సుమారు 24 గ్రాముల చక్కెర కలిపి 6 వాతావరణముల ఒత్తిడిని కావలెననియే తెచ్చుకొందురు. అందుకే వారి సీసాలు అంత మందము. మామూలు సీసా దానికి ఓర్వలేదు, పగులును.

కర్మాగారములలో 0.45 మైక్రానుల పొరను వాడి, దానిని పరీక్షించి, దాని తరువాతి గొట్టములను, సీసాలను సూక్ష్మజీవులు లేకుండ చేసి నింపుదురు. ఇంటిలో అంత కట్టుదిట్టము కుదరదు. కావున హైడ్రామీటరు అంకె 0.995నకు దిగి, కొన్ని వారములు మారక నిలిచినదని చూచుకొన్న పిమ్మటనే సీసాలు నింపుట క్షేమము. తినుటకు చక్కెర లేనిచోట ఈస్టు మిగిలినను హాని చేయజాలదు. ఇక్కడ భద్రత వడపోతవలన కాక, పులియుట పూర్తియగుటవలన కలుగుచున్నది.

ఈ మాట మన నీటికిని చెల్లును. గోడమీది 5 మైక్రానుల గిన్నె గుండ వచ్చిన నీరు తళతళలాడవచ్చును; టైఫాయిడు, కలరా సూక్ష్మజీవులు అంతకన్న సన్నములగుటచే అందుండి దూరిపోగలవు. అందుకే శుద్ధి యంత్రములో ఆ గిన్నె తరువాత ఇంకను మెట్లు కలవు. ఆ యంత్రము చెడిననాడు గిన్నెను మాత్రమే నమ్మి నీరు త్రాగక, పొయ్యిమీద కళపెళ మరిగించి త్రాగుడని మా సలహా. తేటదనమును కన్ను చెప్పగలదు. శుద్ధిని కన్ను చెప్పజాలదు.