ఓనమాలు దిద్దించే విద్య: బిలాస్‌పూర్ నేర్పిన పాఠం

పార్లమెంటు ప్రెస్ గ్యాలరీలో ఏళ్ల తరబడి కూర్చున్న విలేఖరికి ఒక భ్రమ ఏర్పడుతుంది. ప్రజల బతుకులను మార్చేవి సభలో దద్దరిల్లే ఉపన్యాసాలేనని అతడు నమ్మసాగుతాడు. వాస్తవానికి, ఎవరూ చదవని గెజెట్ ప్రకటన ఒక్కటి వంద ఉపన్యాసాల కంటె ఎక్కువ పని చేయగలదు. అటువంటి ప్రకటనే 2018 జూన్ 28న ఢిల్లీలో వెలువడింది. దాని పర్యవసానం తెలుసుకోగోరేవారు రాజధానిలో వాకబు చేసి ప్రయోజనం లేదు. బిలాస్‌పూర్ వెళ్లాలి.

బిలాస్‌పూర్ మనవారికి, ముఖ్యంగా ఉత్తరాంధ్ర వారికి, కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలు రైలు ఉద్యోగాలను నమ్ముకుని ఈ కంపెనీ ఊళ్లకు తరలిపోయాయి. 1931లో విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలుమార్గం పూర్తి కావడంతో ఆ దారి మరింత సుగమమైంది. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలుకు రాజధాని, గుంటూరుకు హైకోర్టు దక్కినట్లే, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు రాయపూర్‌కు రాజధాని, బిలాస్‌పూర్‌కు హైకోర్టు దక్కాయి. మన కథ ఆ హైకోర్టు మెట్ల మీదనే మలుపు తిరిగింది.

కథ ఇది. ఒకటి నుంచి ఐదవ తరగతి వరకు బోధించే వారికి ప్రాథమిక విద్యలో రెండేళ్ల డిప్లొమా ఉండాలని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010 ఆగస్టులో నిర్ణయించింది. బి.ఇడి. వారికి 2012 జనవరి 1 వరకే వెసులుబాటు ఇచ్చింది. 2018 జూన్ ప్రకటన ఆ తలుపును మళ్లీ తెరిచింది. బి.ఇడి. పట్టభద్రులు కూడా ప్రాథమిక పాఠశాలల్లో చేరవచ్చు, చేరిన రెండేళ్లలోగా ఆరు నెలల బ్రిడ్జి కోర్సు పూర్తిచేస్తే చాలునన్నది దాని సారాంశం. ఈ నిర్ణయం మండలి తనంతట తాను ఆలోచించి తీసుకున్నది కాదు. మండలి చట్టం 29వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఆదేశానికి అది శిరసు వంచింది.

రాజస్థాన్ హైకోర్టు 2021లో ఈ ప్రకటనను కొట్టివేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును ధ్రువీకరించింది. ఈ రెండు తీర్పుల నడుమ, 2023 మే నెలలో, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 6,285 సహాయక ఉపాధ్యాయ పోస్టులకు దరఖాస్తులు పిలిచింది. బి.ఇడి. వారు కూడా అర్హులేనన్నది. వారు పరీక్ష రాశారు, ఎంపికయ్యారు, కోర్టు తుది తీర్పుకు లోబడి ఉద్యోగాల్లో చేరారు. బస్తర్, సర్గుజా పల్లెల్లో పాఠాలు మొదలుపెట్టారు. 2024 ఏప్రిల్ 2న బిలాస్‌పూర్ హైకోర్టు ఆ నియామకాలు చెల్లవన్నది. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు అప్పీళ్లను తోసిపుచ్చింది. ఏడాది ముగిసి కొత్త సంవత్సరం వచ్చే వేళకు దాదాపు 2,900 మంది ఉపాధ్యాయులు వీధిన పడ్డారు. నెలల తరబడి నవ రాయపూర్‌లో ధర్నాలు సాగాయి.

ఇందులో న్యాయస్థానాలను తప్పు పట్టడానికి ఏమీ లేదు. నిర్బంధ ఉచిత విద్య బిడ్డకు రాజ్యాంగం 21-ఎ అధికరణం ఇచ్చిన హక్కు అయినప్పుడు, నాసి విద్య అందించి హక్కు తీర్చామనుకోవడం కుదరదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పసిపిల్లలకు బోధించే శిక్షణ వేరు, పెద్ద తరగతులకు బోధించే శిక్షణ వేరు. ఒకటి మరొకదానికి పై మెట్టు కాదు. కోర్టు చెప్పిన ఈ చిన్న సత్యమే మన విద్యాశాఖలకు ఎన్నడూ మింగుడుపడనిది.

ఈ రెండు కోర్సులలో ఏం నేర్పుతారో చూస్తే విషయం తేటపడుతుంది. రెండూ నేడు రెండేళ్లవే. 2014 నిబంధనల ప్రకారం రెండింటిలోనూ ఇరవై వారాలు బడిలో గడపవలసిందే. కాని బి.ఇడి. విద్యార్థి ఆరవ తరగతి మొదలు పై తరగతుల కోసం తయారవుతాడు. చరిత్రనో, భౌతికశాస్త్రాన్నో ఎట్లా బోధించాలో నేర్చుకుంటాడు. తన ఎదుట కూర్చున్న విద్యార్థికి చదవడం, రాయడం వచ్చుననేది అతని శిక్షణకు పునాది. డిప్లొమా విద్యార్థికి ఆ భరోసా లేదు. బిడ్డకు అక్షరం ఎట్లా పట్టుబడుతుంది, అంకె అంటే ఏమిటో ఎప్పుడు తెలుస్తుంది, ఆట చదువుగా ఎట్లా మారుతుంది అన్నవే అతని పాఠ్యాంశాలు.

ఈ విలేఖరి ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నవాడు. షేక్స్పియర్ నాటకం మీద ఒక గంట మాట్లాడమంటే జంకడు. కొన్నేళ్ల క్రితం ఢిల్లీలో పొరుగింటి తెలుగు పాప, ఆరేళ్లది, పలక మీద 'అమ్మ' అని రాయబోయి 'అమమ' అని రాసి చూపింది. తప్పని చెప్పగలిగానే గాని, ఎందుకు తప్పో ఆ పాపకు చెప్పలేకపోయాను. విన్న ధ్వనులను విన్న వరుసలో ఆమె సక్రమంగానే రాసింది. రెండవ 'మ' మొదటిదాని కిందికి ఎందుకు దిగాలో మాత్రమే తెలియదు. శిక్షణ పొందిన పంతులు ఆ పలకలో పొరపాటును కాక ఆలోచనను చూస్తాడు. నా పట్టా నాకు ఆ చూపునివ్వలేదు.

బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లలో ఈ చిక్కు రెట్టింపవుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో హిందీలో చదువుకోవాలి. మన భాషలో రైలూ వచ్చింది, ఇంజనూ వచ్చింది. హిందీలో గాడీ స్త్రీలింగం, ఇంజన్ పుంలింగం. ఒకటి 'ఆయీ', మరొకటి 'ఆయా'. ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లవానికీ ఈ తిప్పలు తప్పవు. ఇంటి భాష గోండీ అయిన బస్తర్ బిడ్డ సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ బిడ్డ తడబడితే మొద్దు అనే పంతులు ఒకడు, రెండు భాషల నడుమ వంతెన దాటుతున్నాడని గ్రహించే పంతులు మరొకడు. వీరిద్దరి మధ్య తేడాయే శిక్షణ. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సమకూర్చాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. దాన్ని అమలు చేయవలసిన చేతులు తరగతి గదిలో ఉంటాయి. ఆ చేతులకు తర్ఫీదు లేకపోతే అధికరణం కాగితం మీదనే మిగులుతుంది.

ఇంత కష్టమైన పనికి మనం కట్టిన విలువ ఏపాటిది? పిల్లవాని ఎత్తును బట్టి పంతులు హోదాను కొలవడం మన దేశాచారం. కళాశాలలో చెప్పేవాడు ఆచార్యుడు, హైస్కూలులో చెప్పేవాడు మాస్టారు, ఓనమాలు దిద్దించేవాడు బడిపంతులు. బి.ఇడి. చదివినవాడు ఐదవ తరగతికి చెప్పలేడా అన్న ప్రశ్న ఈ ఆచారం నుంచి పుట్టినదే. గుండె డాక్టరు కాన్పు చేయలేడా అని అడిగేవారు లేరు. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో నూటికి తొంభై వరకు ప్రైవేటు చేతుల్లో ఉన్నాయని జస్టిస్ వర్మ సంఘం 2012లో తేల్చింది. అనేకచోట్ల కళాశాల గోడల మీద బోర్డు ఉంటుంది గాని, పిల్లలున్న బడితో సంబంధం ఉండదు.

ఈ జబ్బు ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం కాదు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఆరు నెలలు గడిచాక కూడా, 2024 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టులకు బి.ఇడి. వారిని అనుమతించబోయింది. హైకోర్టు అడ్డుపడింది కనుక సరిపోయింది. లేకుంటే మన జిల్లాల్లోనూ రాయపూర్ ధర్నాల వంటివి చూసి ఉండేవాళ్లం.

రాయపూర్‌లో ఆ కథ ఎట్లా ముగిసిందో కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్ 30న రాష్ట్ర మంత్రివర్గం 2,621 మందిని సైన్సు ప్రయోగశాల సహాయక ఉపాధ్యాయులుగా సర్దుబాటు చేయాలని నిర్ణయించింది. వారికి రెండు నెలల శిక్షణ, ఆర్ట్స్ చదివిన వారికి పన్నెండవ తరగతి స్థాయిలో గణితమో, సైన్సో గట్టెక్కడానికి మూడేళ్ల గడువు. వారి పొట్ట నిండినందుకు సంతోషించవలసిందే. తప్పు వారిది కాదు. కాని చదివినది ఒకటి, చేరినది మరొకటి, చివరకు చేస్తున్నది ఇంకొకటి. అర్హత లేకుండా నియమించారన్న వివాదాన్ని పరిష్కరించడానికి, నియమించిన తర్వాత అర్హత సంపాదించుకోమన్న పాత సూత్రమే మళ్లీ అక్కరకు వచ్చింది.

ఈ మొత్తం వ్యవహారంలో నష్టపోని వారెవరు? నోటిఫికేషను రాయించిన వారు. డిప్లొమా చదివి హక్కు కోసం కోర్టు చుట్టూ తిరిగిన యువకులు నష్టపోయారు. ప్రభుత్వాన్ని నమ్మి చేరిన బి.ఇడి. వారు నష్టపోయారు. ఏడాది మధ్యలో పంతులును పోగొట్టుకున్న పల్లె బిడ్డ అందరి కంటె ఎక్కువ నష్టపోయాడు. అతనికి వకీలు లేడు, ధర్నా చౌక్ లేదు, ఓటు లేదు.

2020 జాతీయ విద్యా విధానం ప్రకారం 2030 నాటికి ఉపాధ్యాయులందరికీ నాలుగేళ్ల సమీకృత కోర్సు కనీస అర్హత కానున్నది. పసితనం మొదలు హైస్కూలు వరకు ఏ దశకు ఆ దశ శిక్షణ అందులో ఉంటుందంటున్నారు. మంచిదే. ప్రాథమిక దశకంటూ ప్రత్యేకంగా నాలుగేళ్ల డిగ్రీని ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లోనే ప్రారంభించిన సంగతి ఈ సందర్భంలో మరువరాదు. కొరత పడింది ఆలోచనలకు కాదు. తాత్కాలిక అవసరం ముంచుకొచ్చిన ప్రతిసారీ నియమాన్ని సడలించే అలవాటును వదులుకునే నిగ్రహానికి కొరత పడింది.

రాబోయే సమావేశాల్లో ఏ సభ్యుడైనా ప్రశ్నోత్తరాల సమయంలో లేచి ఒక్క మాట అడిగితే బాగుండును: 2030 గడువు దగ్గరపడ్డాక, తగినంతమంది శిక్షితులు దొరకలేదని మరొక జూన్ 28 ప్రకటన వెలువడదని మంత్రిగారు హామీ ఇవ్వగలరా? జవాబు లిఖితపూర్వకంగానే ఇచ్చినా సరే. బిలాస్‌పూర్ హైకోర్టులో దాచుకోవడానికి పనికివస్తుంది.