విదేశాల్లో క్రీడా గాయాలు: చికిత్స, వ్యయం, బీమా

మైదానంలో చీలమండ బెణికితే ఏ దేశంలోనైనా నొప్పి ఒకటే. చికిత్స ఎక్కడ దొరుకుతుంది, వ్యయం ఎవరు భరించాలి అనేవి మాత్రం దేశాన్నిబట్టి మారుతాయి. చదువుకో, ఉద్యోగానికో, పోటీలకో విదేశాలకు వెళ్లేవారు ఈ తేడాను ముందే తెలుసుకోవాలి. ఈ భాగంలో మూడు దేశాల పద్ధతులను పోల్చి చూద్దాం.

మూడు పద్ధతులు

న్యూజిలాండ్: వుడ్‌హౌస్ కమిషన్ 1967లో ఇచ్చిన నివేదిక ఫలితంగా 1974 ఏప్రిల్ 1న ఇక్కడ ప్రమాద పరిహార పథకం మొదలైంది. తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే, ప్రమాదంలో గాయపడినవారి చికిత్స వ్యయాన్ని ఈ పథకం పూర్తిగా గాని, కొంతవరకు గాని భరిస్తుంది. విదేశీ సందర్శకులకూ ఇది వర్తిస్తుంది. దీనికి బదులుగా, గాయానికి కారకులైనవారిపై పరిహారం కోసం దావా వేసే హక్కు సాధారణంగా ఉండదు. జబ్బు చేసినా, స్వదేశానికి తిరిగి రావలసి వచ్చినా ఆ ఖర్చు మనదే.

ఇంగ్లండ్: ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో చికిత్స అందరికీ ఉచితం. అయితే వార్డులో చేర్చుకున్న తరువాత స్వల్పకాల సందర్శకుల నుంచి సాధారణంగా రుసుము వసూలు చేస్తారు. వీసాతోపాటు ఆరోగ్య సర్‌చార్జి చెల్లించిన విద్యార్థులకు ఈ భారం ఉండదు.

అమెరికా: 1986 నాటి చట్టం ప్రకారం, అత్యవసర విభాగం ఉండి మెడికేర్‌లో పాల్గొనే ఆసుపత్రులు, రోగి చెల్లించగలడా లేదా అని చూడకుండా పరీక్షించి, పరిస్థితి నిలకడపడేవరకు చికిత్స చేయాలి. అంటే వైద్యం నిరాకరించరాదని అర్థం, ఉచితమని కాదు. బిల్లు తరువాత వస్తుంది. కాబట్టి చిన్న బెణుకులకు అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళితే ఖర్చు సాధారణంగా తగ్గుతుంది.

బీమా పాలసీలో చూడవలసినవి

షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అయితే మొత్తం చూసి తృప్తిపడరాదు. స్కీయింగ్, పారాగ్లైడింగ్, పోటీ క్రీడలను చాలా పాలసీలు మినహాయిస్తాయి. కొన్ని అదనపు ప్రీమియం తీసుకుని చేర్చుకుంటాయి. ముందుగా మన చేతినుంచి ఎంత చెల్లించాలో కూడా చూడాలి. గాయపడిన వెంటనే బీమా సంస్థకు తెలియజేసి, బిల్లులు, వైద్య నివేదికలు, ఎక్స్‌రేలు భద్రపరచాలి.

గాయపడినప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు

ఎముక వంకర తిరిగినా, వేళ్లు తిమ్మిరెక్కి చల్లబడినా, తలకు దెబ్బ తగిలి వాంతులైనా అత్యవసర సేవలను పిలవాలి. ఆ నంబరు ఐరోపా సమాఖ్యలో 112, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, న్యూజిలాండ్‌లో 111. బిల్లుకు భయపడి ఇలాంటి లక్షణాలను దాచిపెడితే ప్రాణానికే ముప్పు.

కాలికి కట్టుతో సుదూర విమానయానం చేస్తే రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. కొత్తగా వేసిన పిండికట్టు కింద వాపు పెరిగి రక్తప్రసరణ ఆగవచ్చు. అందువల్ల వైద్యుని అనుమతి, విమాన సంస్థ నిబంధన రెండూ తెలుసుకున్నాకే టికెట్ ఖరారు చేసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. న్యూజిలాండ్ పథకం ఉన్నా ప్రయాణ బీమా ఎందుకు అవసరం?
2. 'వైద్యం నిరాకరించరాదు', 'వైద్యం ఉచితం' అనే రెండింటికీ గల తేడాను అమెరికా ఉదాహరణతో వివరించండి.