అరికాళ్ళ మంటకు మనసు మందా?

మధుమేహముగల ఒక పెద్దమనిషి, అరికాళ్ళ మంటచే రాత్రులు నిద్రపట్టక మాయొద్దకు వచ్చిరి. ఎమిట్రిప్టిలిన్ అను మాత్రను వ్రాసి యిచ్చితిమి. నాలుగు దినములకే వారి కుమారుడు ఆ మాత్రలతో తిరిగివచ్చి, "మా నాన్నగారికి మతి చెడలేదు కదండీ! ఈ పిచ్చిమందు ఎందుకండీ?" అని అడిగినాడు. ఈ సందేహము పెక్కు ఇండ్లలో కలుగునదే.

స్విట్జర్లండు వైద్యుడు రోలండ్ కూన్, వేరొక మనోవ్యాధికై ఇమిప్రమిన్ అను మందును పరీక్షించుచు, అది తీవ్రమైన దిగులును తగ్గించునని గ్రహించి 1957లో ప్రకటించెను. ఎమిట్రిప్టిలిన్ ఆ కోవలోనిదే. 1961లో అమెరికాలో వాడుకకు వచ్చినది.

నరముల కణములు కొన్ని రసాయనముల మూలమున ఒకదానికొకటి కబురు పంపుకొనును. సెరటోనిన్, నారడ్రినలిన్ అట్టివి. విడిచిన రసాయనమును కణము తిరిగి పీల్చుకొనును. ఈ మందు దానిని అడ్డగించును. అందుచే మెదడులో దిగులు తగ్గును. వెన్నుపాములో అవే రసాయనములు, పైకిపోవు నొప్పి కబురును అణచును. కావుననే దిగులు లేనివారికిని నొప్పి ఉపశమించును.

మధుమేహమువలని నరముల మంటకు, సర్పి పొక్కులు మానినపిదప మిగులు పోటుకు, తరచు వచ్చు పార్శ్వపునొప్పిని నివారించుటకు దీనిని వాడుదురు. నొప్పికి సాధారణముగా రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో ఆరంభింతురు. దిగులుకు అంతకు పెక్కురెట్లు కావలసియుండును. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. అందరికిని గుణమిచ్చునని చెప్పజాలము.

నోరెండుట, మగత, మలబద్ధము కలుగవచ్చును. గుండెజబ్బు, నీటికాసులు, మూత్రము బిగియుట ఉన్నవారు, ఇతర మందులు వాడువారు వైద్యునికి ముందే తెలుపవలెను. తమంతట తాము మోతాదు పెంచరాదు, హఠాత్తుగా మానరాదు. పిల్లలు కొద్ది మాత్రలు మ్రింగినను ప్రాణాపాయము. కావున వీనిని తాళముపెట్టి ఉంచవలెను.

ఆ పెద్దమనిషి మందును మరల మొదలిడిరి. నెల గడచినపిదప, "మంట పూర్తిగా పోలేదు కాని, నిద్ర పడుతోందండీ" అనిరి. మందు పేరునకు జంకి బాధ నోర్చుకొనుట తగదు. దిగులుకే దీనిని వాడవలసివచ్చినను అందు సిగ్గుపడవలసినది లేదు. అదియు వ్యాధియే, చికిత్స గలదే.