ఓ.పి. కౌంటరులోని చిన్న కంప్యూటరుకు పరీక్ష



మన ఓ.పి. కౌంటరులో పాత పెద్ద కంప్యూటరు తీసేసి, పుస్తకమంత చిన్న డెస్క్‌టాప్ పెట్టడం మీలో చాలామంది గమనించే ఉంటారు. "ఇంత చిన్నది ఇంతమందికి చీటీలు ఇవ్వగలదా అమ్మా?" అని పలమనేరు నుంచి వచ్చే ఒక పెద్దావిడ అడిగారు. మాకూ అదే సందేహం. అందుకే కొనేముందు వారం రోజులు పరీక్షించి చూశాము.

పెట్టె మీద రాసిన గిగాహెర్ట్జ్ చూసి కంప్యూటరు మంచిదనడం, పడుకున్న రోగి నాడి చూసి గుండె బాగుందనడం వంటిది. గుండెకు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసినట్టే దీన్నీ పనిలో పెట్టి చూడాలి. అమ్మేవారు చూపించే మార్కులు చాలావరకు కొద్ది నిమిషాల పరుగుకు వచ్చినవే. మన కౌంటరు మాత్రం పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆగదు.

రద్దీ ఎక్కువగా ఉండే సోమవారం నాడు ఒక సిస్టరును గడియారంతో కూర్చోబెట్టాము. రోగి నంబరు చెప్పినప్పటి నుంచి చీటీ చేతికొచ్చే దాకా ఉదయం నిమిషం లోపే పట్టింది. మధ్యాహ్నం అదే పనికి రెండు నిమిషాలు దాటింది. ఇది పనికిరాదని తిప్పి పంపబోయాము కూడా. తీరా చూస్తే, దుమ్ము పడకూడదని మేమే దాన్ని చెక్క అరలో పెట్టి, పక్కన ఫైళ్లు పేర్చాము! గాలి ఆడక లోపల వేడెక్కింది. చిప్పు వేడి వంద డిగ్రీల దాపుకు చేరితే, పాడవకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. చిన్న పెట్టెలో గాలి తిరిగే చోటు తక్కువ కాబట్టి ఈ బాధ దానికే ఎక్కువ. బయటికి తీసి మానిటరు వెనక బిగించాక మధ్యాహ్నం కూడా ఉదయం లాగే పనిచేసింది.

ఒక్క నిమిషానికి ఇంత హైరానా ఎందుకంటారా? క్యూ పెరిగితే పాత రికార్డు వెదికే ఓపిక ఎవరికీ ఉండదు, కొత్త నంబరు ఇచ్చేస్తారు. పాత రికార్డులో "పెన్సిలిన్ పడదు" అని ఎర్రగా రాసి ఉన్నా కొత్త నంబరులో అది కనబడదు. అలాంటి పొరపాటు ఒకసారి ఇంజక్షన్ గది దాకా వచ్చింది. రోగి కూతురు నోరు విప్పి చెప్పబట్టి ఆగింది.

కరెంటు పోయినప్పుడూ చూశాము. ఇలాంటి చిన్నవి మామూలు పనికి చాలావరకు 10 నుంచి 30 వాట్లే తీసుకుంటాయి, కాబట్టి అదే యు.పి.ఎస్. మీద పాతదానికన్నా బాగా ఎక్కువసేపు నడిచింది. యంత్రాన్ని ఊరి పరిస్థితికి తగ్గట్టు చూసుకోవడం మన జిల్లాకు కొత్తేమీ కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో పథకం మొదలుపెట్టింది. అందులో ఫొటోలు తీసే పల్లె మహిళలకు ఎండతో నడిచే ప్రింటరే ఇచ్చారు.

మీరు వచ్చేటప్పుడు పాత కార్డు తెచ్చుకోండి. అది పోయి ఉంటే పేరుతో పాటు ఊరు, తండ్రి లేక భర్త పేరు, ఫోను నంబరు చెప్పండి. పడని మందు ఏదైనా ఉంటే కౌంటరులోనే చెప్పండి. మే నెల ఎండల్లో ఈ కంప్యూటరుకు మళ్లీ గడియారం పెడతాము.