పండుగప్ప: మగగా పెరిగి ఆడగా మారే చేప

మొగ దగ్గర వల వేసేవారికీ, ఉప్పునీటి చెరువున్న రైతుకూ పండుగప్పను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, తోక గుండ్రం. వలలోంచి విడదీసేటప్పుడు ఆదమరిస్తే మొప్పల డిప్ప అంచు బ్లేడులా వేలు కోసేస్తుంది. ధర బొచ్చె, శీలావతి కన్నా పైనే. కానీ దాని బతుకు తీరు తెలియకుండా చెరువులో వదిలితే పెట్టుబడి దానికే మేతవుతుంది.

ఈ చేప పెరిగేది ఒకచోట, గుడ్లు పెట్టేది మరోచోట. పిల్లలు పోటు నీటితో ఉప్పుటేళ్లలోకీ, మడ అడవుల కాలువల్లోకీ, అక్కడినుంచి మంచినీటిలోకీ ఎక్కుతాయి. రెండు మూడేళ్లు మేసి మళ్లీ మొగకు దిగుతాయి. అమావాస్య, పౌర్ణమి పోట్లప్పుడు, బాగా ఉప్పగా ఉన్న నీటిలో గుడ్లు విడుస్తాయి. ఒక్క రోజులోపే గుడ్డు పగిలి పిల్ల బయటకొస్తుంది.

వింతేమిటంటే, ఈ చేపల్లో చాలా వరకు ముందు మగవే. కొన్నేళ్లు పెరిగి, మూడు నాలుగు కిలోలు దాటాకే ఆడవిగా మారతాయి. అంటే మీ వలలో పడ్డ పది కిలోల పండుగప్ప దాదాపుగా తల్లి చేపే. దాని కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. ఇదే చేపను ఆస్ట్రేలియాలో బారముండి అంటారు. అక్కడి క్వీన్స్‌లాండ్‌లో సహజ జలాల్లో పట్టేవారు 58 సెంటీమీటర్ల లోపు చేపనే కాదు, 120 దాటిన చేపను కూడా తిరిగి వదిలేయాలి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలకు, మోటారు పడవలకు సముద్రంలో వేట నిషేధం ఉంది. అది కాలానికి హద్దే గానీ, చేప సైజుకు కాదు.

ఇక చెరువు సంగతి. ఏరుల్లో దొరికే పిల్లల మీదే ఆధారపడే రోజులు పోయాయి. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లో హేచరీలో పిల్లల్ని పుట్టించింది. పిల్ల కొనేటప్పుడు సైజు ఒకేలా ఉందో లేదో చూడండి. ఎందుకంటే పండుగప్ప తన జాతినే తింటుంది. తన పొడవులో సగానికి మించిన పిల్లనూ మింగేయగలదు! హాపాల్లో పెంచే నెల, నెలన్నర రోజులూ వారానికోసారి పెద్దవాటిని ఏరి వేరు చేయాల్సిందే. ఈ ఒక్క పనికి బద్ధకించి, సగం పిల్లలు మాయమయ్యాక హేచరీ వాళ్లను తిట్టుకుని లాభం లేదు.

మీ చెరువులో జిలేబీ చేప ముందే ఉంటే మంచిదే. అది పెట్టే పిల్లలే పండుగప్పకు మేత. జిలేబీ పిల్లలు బాగా కనిపించాక, నాలుగంగుళాల పండుగప్ప పిల్లల్ని ఎకరానికి 1200 నుంచి 2000 వరకు వదలవచ్చు. చిన్న బొచ్చె, రొయ్య ఉన్న చెరువులో మాత్రం వేయకండి.

పచ్చి చేప కొని మేపుదామంటే లెక్క వేసుకోండి. ఒక కిలో పండుగప్పకు ఆరేడు కిలోల పచ్చి చేప పడుతుంది. ఐసు, రవాణా దీనికి అదనం. పిల్లల్ని మొదటి నుంచీ గుళిక మేతకు అలవాటు చేసి అమ్మే హేచరీ ఉంటే అక్కడే కొనండి. ఆ మేత ఖరీదు ఎక్కువే, కానీ రెండు కిలోల లోపుతో సరిపోతుంది. నీరు కూడా పాడవదు.