మూడు రోజుల ఆలస్యం, పన్నెండు నెలల తగాదా

బరంపురంలోనైనా, హోసూరులోనైనా, సోలాపూరులోనైనా చిన్న ప్రెస్సు, జిరాక్సు దుకాణం నడిపే మనవారికి యంత్రం సొంతానికి కొనే స్తోమతు అందరికీ వుండదు. నెలకింత అని అద్దె ఒప్పందం మీద తెచ్చుకుంటారు. అద్దె దగ్గర తగాదా రాదు. ఆలస్యమైనందుకు వేసే రుసుము దగ్గరే వస్తుంది. బిల్లులూ వోచర్లూ చూచే మావంటి గుమాస్తాలకు ఆ కిటుకు ఎక్కడున్నదో కొంత తెలుసును గనుక యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

లెక్క చూడండి. నెలకు 6,000 అద్దె, గడువు 5వ తేదీ, ఆలస్య రుసుము 300 అనుకుందాం. ఒక నెల 8వ తేదీన కట్టారు. తరువాత పదకొండు నెలలూ గడువులోపల 6,000 చొప్పున కట్టారు. ఏడాది చివర కంపెనీ చీటీలో బాకీ 3,600! ఎట్లా? వచ్చిన సొమ్ములో ముందు 300 రుసుముకు జమ వేసుకొని, మిగిలిన 5,700 అద్దె కింద వ్రాశారు. అద్దెలో 300 తక్కువైంది గనుక ఆ నెలకూ రుసుము. ప్రతి నెలా యిదే తంతు. దీనిపైన జి.ఎస్.టి. వేరు, 2017 నాటి చట్టం ప్రకారం అద్దె ఆలస్యానికి వేసే రుసుముకూ పన్ను పడుతుంది.

దుకాణదారు "నేను నెలనెలా కట్టాను" అంటాడు. కంపెనీ "మీరు ఎగవేశారు" అంటుంది. ఇద్దరి కాగితాలూ నిజమే! మాట ముదిరితే యంత్రం పట్టుకుపోతారు. పిల్లల పరీక్షల రోజుల్లో జిరాక్సు యంత్రం లేని దుకాణం సంగతి చెప్పనక్కరలేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 59వ సెక్షనులో దీనికి మందున్నది. ఫలానా బాకీకే యీ సొమ్ము అని తెలియజేసి కడితే, పుచ్చుకున్నవారు దానికే జమ వేయాలి. చెప్పకపోతే 60వ సెక్షను ప్రకారం వారి యిష్టం. కనుక డబ్బు పంపిన రోజునే "యిది ఆగస్టు నెల అద్దెకు మాత్రమే" అని ఒక ముక్క వ్రాసి, నకలు దాచుకోవాలి. అయితే ముందు రుసుముకే జమ అనే షరతు మీద సంతకం చేసివుంటే మన వాదన బలహీనపడుతుంది. ఒప్పందం ఇంగ్లీషులో వుంటుంది, అచ్చు చీమతలకాయలంత. అయినా ఆ ఒక్క షరతు వెదకి చదవాలి.

రుసుము మరీ విపరీతమైతే 74వ సెక్షను వున్నది. ఒప్పందంలో వ్రాసిన మొత్తం పైహద్దు మాత్రమే, న్యాయమైన పరిహారమే యిప్పిస్తామని సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులో తేల్చింది. కాని 3,600 కోసం కోర్టుకెక్కితే వకీలు ఫీజు దాన్ని మించుతుంది. జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయరాదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది గాని, అది బ్యాంకుల, ఫైనాన్సు కంపెనీల అప్పులకు; వట్టిగా యంత్రాలు అద్దెకిచ్చే కంపెనీలకు కాదు.

ఇంకొకటి. స్కూళ్ల బిల్లులు మీకు 10వ తేదీకి గాని రాకపోతే గడువు 12కు వేయమని సంతకానికి ముందే అడగండి. సంతకమయ్యాక అడిగితే దానికీ ఒక రుసుము చెప్పవచ్చు.