మేఘాల మాటున ముప్పు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి చూసేవారికి వర్షాకాలపు మేఘం మనోహర దృశ్యం. అదే మేఘం కొండల మీదుగా ఎగిరే చిన్న విమానాలకూ, హెలికాప్టర్లకూ ప్రాణాంతకం కావచ్చు.

2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయం నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హైదరాబాదులోని బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరారు. మార్గమధ్యంలో దానితో సంబంధాలు తెగిపోయాయి. మరునాడు నల్లమల అడవులలోని పావురాలగుట్టపై శకలాలు కనిపించాయి. ముఖ్యమంత్రి సహా అందులోని ఐదుగురూ మరణించారు.

ఇటువంటి ప్రమాదాలకు కారణమేమి? తేమతో నిండిన గాలి కొండవాలును తాకి పైకి లేస్తుంది, చల్లబడి మేఘమవుతుంది. వేడి, తేమ అధికమైనప్పుడు అది క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘంగా పది కిలోమీటర్లకు మించి పెరుగుతుంది. దానిలో ఒకచోట గాలి వేగంగా పైకి లేస్తుంది. మరొకచోట వానతోపాటు క్రిందికి విరుచుకుపడుతుంది. మైదానంపై కొంత ఎత్తు కోల్పోయినా తేరుకునే వ్యవధి ఉంటుంది. కొండలపై ఆ వ్యవధి చిక్కదు. పైగా మబ్బు శిఖరాలను కప్పివేస్తుంది.

నల్లమల ప్రమాదంపై విచారణ సంఘం తేల్చినదీ ఇదే. హెలికాప్టరు మేఘంలో ప్రవేశించి, క్రిందికి దూసుకువచ్చే బలమైన గాలిలో చిక్కి అదుపు తప్పింది. అంతకుముందు సుమారు ఆరు నిమిషాలు చోదకుల దృష్టి యంత్రంలోని చమురు పీడన సమస్యపైనే నిలిచింది.

వాతావరణం వికటించినప్పుడు వెనుదిరగడం చోదకుని ప్రథమ ధర్మం. ప్రయాణికుడు ఎంతటివాడైనా, గమ్యంలో ఎందరు ఎదురుచూస్తున్నా మేఘం దారి ఇవ్వదు.